కయ్య పోయింది, కంపెనీ వచ్చింది - ఆడకూలి లెక్క మాత్రం మారలేదు

మొబ్బున అయిదు గంటలకు సత్యవేడు నుంచి తడ వైపు పోయే రోడ్డు మీద నిలబడి చూస్తే ఈ ప్రాంతపు కథ సగం అర్థమవుతుంది. రోడ్డుకు ఒక పక్కన మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఆడపిల్లలు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటారు. పద్దెనిమిది, ఇరవై, మహా అయితే ఇరవై అయిదేళ్ల పిల్లలు. రెండో పక్కన కొంగు నడుముకు చుట్టి, చద్ది గిన్నె పట్టుకుని, ఆటో కోసం కాచుకుని ఉన్న ఆడకూలీలు. ఈ పక్కనున్నవాళ్లలో చాలామంది ఆ పక్కనున్నవాళ్ల బిడ్డలే.

"నాలుగింటికి లేస్తా నాయినా. దానికి క్యారియరు కట్టి బస్సెక్కించి, ఆనాక నేను ఆటో ఎక్కుతా. ఆ బిడ్డ కంపెనీకి, నేను కయ్యకు. పొద్దు కూకినాక ఇద్దరమూ వచ్చేది ఒకే పొయ్యికాడికే" అని ఒక తల్లి మాతో చెప్పింది.

ఆ మాట విన్న రోజు సాయంత్రమే, ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి కూలీల మధ్య పనిచేస్తున్న ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. "స్త్రీవాదమనేది పట్నంలో చదువుకున్నోళ్ల మాట గదన్నా. కూలి రేటు, భూమి, రేషను ఇవి మన సమస్యలు. మగ కూలీకి, ఆడ కూలీకి మధ్య తగువు పెడితే లాభం ఎవురికి? భూస్వామికే గదా? ఈ కాలంలో ఆడోళ్లు చదువుకుంటా ఉండారు, కంపెనీల్లో పనిజేస్తా ఉండారు, బస్సుల్లో ఉచితంగా తిరగతా ఉండారు. ఇంకా ఆ మాటతో పనేముంది?"

ఇది ఆ ఒక్కడి ప్రశ్న కాదు. మన సంఘాలలో చాలామంది మనసులో ఉన్నదే. అడిగినవాడు మంచివాడు, పోరాటంలో దెబ్బలు తిన్నవాడు. అందుచేత ఆ ప్రశ్నను తోసిపారేయకుండా, శ్రీ సిటీ చుట్టూ ఉన్న పల్లెలనే సాక్ష్యంగా పెట్టుకుని సమాధానం వెతకాలని అనుకున్నాము.

భూమి పోయినప్పుడు ఎవరిని లెక్కపెట్టారు?

ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం నీడలో అప్పటి చిత్తూరు జిల్లా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోని పల్లెల నుంచి వేల ఎకరాలు సేకరించారు. 2008 ఆగస్టులో శ్రీ సిటీ ప్రారంభమయింది. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరం, పక్కనే జాతీయ రహదారి, దగ్గర్లోనే ఓడరేవులు. పెట్టుబడికి ఇంతకంటే ఏం కావాలి? ఫోన్లు, మెట్రో రైలు పెట్టెలు, వాహనాలు, ఏసీ మిషన్లు, చాక్లెట్లు, అన్నీ ఇక్కడ తయారవుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పటి నుంచి ఇది తిరుపతి జిల్లాలో ఉంది.

భూమి తీసుకునేటప్పుడు ప్రభుత్వం చూసింది పట్టా. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లు రైతు, వాళ్లకు నష్టపరిహారం. పట్టా లేనివాళ్లు అక్కడ లేనట్టే లెక్క. పట్టాలు ఎవరి పేర్ల మీద ఉన్నాయో చెప్పవలసిన పనిలేదు. తాత పేరు, తండ్రి పేరు, మామ పేరు, మొగుని పేరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపేవారిలో స్త్రీలు నూటికి 14 మంది. వారి చేతి కింద ఉన్న విస్తీర్ణం నూటికి 12 పాళ్లు కూడా లేదు. నాటు వేసేది, కలుపు తీసేది, చెనిక్కాయలు ఒలిచేది, పశువులకు గడ్డి కోసేది మాత్రం ఎక్కువగా వాళ్లే.

ఒక ముసలామె మాతో అన్నది: "భూమి పొయ్యేటప్పుడు నన్నెవురు అడిగినారు? పట్టా మా మామ పేరుతో ఉండె. దుడ్డు ఆయప్ప చేతికొచ్చె. ఇరవై ఏండ్లు ఆ చేనిలో కలుపు తీసినా. ఏ కాయితంలో ఉండాది నా పేరు?"

భూమితో పాటు పోయినవి ఇంకా ఉన్నాయి. వాటికి సర్వే నంబర్లు లేవు. పొరంబోకులో మేకలు మేసిన జాగా పోయింది. చింతచెట్ల కింద రాలిన కాయ పోయింది. కోతల తరువాత ఏరుకునే పరిగె పోయింది. చెరువు గట్టున కోసుకునే గడ్డి, దాని మీద ఆధారపడిన ఒక్క పాడి ఆవు, ఆ పాల డబ్బు పోయాయి. ఇంట్లో ఆడదాని చేతిలో ఆడే నాలుగు రూపాయలు ఇవే. మొగుణ్ణి అడక్కుండా బిడ్డకు పుస్తకం కొనగలిగిన డబ్బు ఇదే. వీటికి పరిహారం ఎవరూ కట్టలేదు, కట్టాలని ఎవరికీ తోచలేదు. యానాది కుటుంబాల సంగతి మరీ అన్యాయం. పట్టా మగవాని పేరునైనా లేదు, ఆడదాని పేరునైనా లేదు.

వచ్చిన పరిహారం కూడా అన్ని ఇళ్లలో నిలవలేదు. కొన్ని ఇళ్లలో మంచి ఇల్లయింది, బిడ్డల చదువయింది. కొన్ని ఇళ్లలో మోటారు సైకిలయింది, బ్రాందీ షాపుకు చేరింది. ఎట్లా ఖర్చు పెట్టాలన్న మాటలో ఇంటి ఆడదానికి నోరుందా లేదా అన్నదే అక్కడ తేడా తెచ్చింది.

ఈ ఆలోచన తర్వాత వచ్చిన చట్టంలో కొంత చోటు చేసుకున్నది. 1894 నాటి తెల్లవాళ్ల భూసేకరణ చట్టం స్థానంలో 2013లో చేసిన కొత్త చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పనిచేసి బతికిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు కూడా నష్టపోయిన కుటుంబాలే అని అది ఒప్పుకున్నది. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం వదిలేసిన స్త్రీలు, వీరిలో ప్రతి ఒక్కరినీ వేరే కుటుంబంగా లెక్కించాలని రాసింది. ఈ వాక్యం ఊరికే చట్టంలోకి రాలేదు. దేశంలో చాలాచోట్ల రైతులు, కూలీలు, ఆడవాళ్లు రోడ్ల మీదికి వస్తేనే వచ్చింది. శ్రీ సిటీ తొలి దశలో భూమి పోయినవారికి అది అందలేదు. రేపు ఎక్కడ సేకరణ జరిగినా మన కార్యకర్త మొదట అడగవలసింది ఈ జాబితానే.

ఒకే కయ్య, రెండు కూళ్లు

"మా ఆయప్పా నేనూ ఒకే కయ్యలో పనిజేస్తాం. పొద్దు ఇద్దరికీ ఒకే తూరి ఎక్కతాది, ఒకే తూరి దిగతాది. కూలి మాత్రం ఆయప్పకొక లెక్క, నాకొక లెక్క."

దీనికి భూమిగలవారు చెప్పే సమాధానం మనందరికీ తెలిసినదే. మగవాళ్లది బరువు పని, ఆడవాళ్లది తేలిక పని అంటారు. రోజంతా నడుము వంచి బురదలో వెనక్కు నడుస్తూ నాటు వేసేది తేలిక పనా? అన్నవాళ్లు ఒక్క పూట వంగి చూడాలి. అసలు కిటుకు ఎక్కడుందంటే, ముందు పనులను మగ పని, ఆడ పని అని విడగొడతారు. తరువాత ఆడ పనికి తక్కువ వెల కడతారు. ఆ మీదట పనులు వేరు గనుక కూళ్లు వేరు అంటారు.

సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. అందులోనూ ఆడ మగ తేడాతో కూలిలో వివక్ష చూపరాదనే ఉంది. అంటే యాభై ఏండ్లుగా కాగితం మీద సమానమే. కయ్యలో మాత్రం ఆ కాగితం తడిసిపోతున్నది.

ఆ కాగితం నిజమయిన ఒక చోటును మన కూలీలు కళ్లారా చూశారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకం మొదలయింది. 2005 చట్టం కింద వచ్చిన ఆ పనిలో ఆడకొకటి, మగకొకటి అన్న రేటు లేదు. కొలతకు తగ్గ కూలి, పోస్టాఫీసు ఖాతాలోనో బ్యాంకు ఖాతాలోనో సొంత పేరున పడింది. ఒక ఆడకూలి సంతకమో వేలిముద్రో పెట్టి తన డబ్బు తానే తీసుకున్న మొదటి రోజు చాలా ఇళ్లలో అదే. "ఆడ సమానంగా ఇస్తారు గదా, ఈడ ఎందుకీయవు?" అని రైతును నిలదీసే నోరు దానితోనే వచ్చింది. కయ్యల్లో ఆడకూలి కొంత పెరిగిందంటే దాని వెనక ఈ బలం ఉంది. అది పెరిగినాక మగకూలి తగ్గలేదు, అదీ పెరిగింది. ఆడ మగ తగువు పెడితే కూలీల ఐక్యత చెడుతుందన్న మిత్రుడు ఈ లెక్క చూడాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టాన్ని ఆమోదించింది. 125 రోజుల పని అని అందులో చెప్పారు. దానితో పాటు నాట్లు, కోతల ముమ్మర కాలంలో ఏడాదికి 60 రోజులదాకా పనులు ఆపే ఏర్పాటు కూడా పెట్టారు. ఆ 60 రోజులు ఎవరికి మేలు? సరిగ్గా కూలి అడగడానికి బలం ఉన్న రోజులలో చేతిలోని రెండో దారి మూసుకుంటుంది. ఇచ్చిన కూలికే కయ్యలోకి దిగవలసి వస్తుంది. ఆ నాటు వేసేది ఎక్కువగా ఆడవాళ్లే గనుక మొదటి దెబ్బ వాళ్ల మీదే పడుతుంది.

బస్సెక్కిన బిడ్డ సంగతి

ఇక రోడ్డుకు ఈ పక్కన నిలబడ్డ బిడ్డల సంగతి. 2015లో ఫాక్స్‌కాన్ సంస్థ శ్రీ సిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ఆ రకం కర్మాగారాల్లో పనిచేసేవారిలో అత్యధికులు ఆడపిల్లలే. చుట్టుపక్కల పల్లెల నుంచి, దూర జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి పనిచేస్తున్నారు.

కంపెనీలు వద్దని మేము అనడం లేదు. ఆ బిడ్డకు నెల తిరిగేసరికి తన పేరున జీతం పడుతున్నది. పదహారేళ్లకే పెండ్లి చేసేద్దామన్న తండ్రి రెండేళ్లు ఆగుతున్నాడు, ఇంకో రెండేళ్లు ఆగుతున్నాడు. రెడ్డిగారి కయ్యలో తల వంచుకున్న తల్లికి, తల ఎత్తి బస్సెక్కే బిడ్డ కనిపిస్తున్నది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే కంపెనీకి ఆడపిల్లలే ఎందుకు కావాలి? వేళ్లు సన్నగా ఉంటాయి, ఓపిక ఎక్కువ, పనిలో శ్రద్ధ ఎక్కువ అని అందరూ చెప్పుకునే కారణం. ఎదురు మాట్లాడరు, సంఘం పెట్టరు, పెండ్లయితే తమంతట తామే మానేస్తారు అన్నది చెప్పని కారణం. ఇంట్లో ఆడపిల్లకు నేర్పిన అణకువ కంపెనీ గేటు దాటేసరికి లాభంగా మారుతున్నది. అణకువ నేర్పింది మనం, దాని లాభం తీసుకునేది పెట్టుబడిదారుడు.

అణకువకూ హద్దుంటుందని పక్క రాష్ట్రంలోనే రుజువయింది. 2021 డిసెంబరులో తమిళనాడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ ఫోన్ల కర్మాగారంలో పనిచేసే ఆడపిల్లలు హాస్టల్ తిండి తిని వందల సంఖ్యలో జబ్బుపడ్డారు. వేలమంది రాత్రికి రాత్రి రోడ్డు మీదికి వచ్చి చెన్నై - బెంగుళూరు రహదారిని ఆపేశారు. వెనక సంఘం లేదు, నాయకుడు లేడు. తోటి పిల్లలు ఏమయ్యారో చెప్పమని అడిగారు, అంతే. కర్మాగారం కొన్నాళ్లు మూతపడింది, హాస్టళ్ల సంగతి ప్రపంచమంతా తెలిసింది. ఆ కర్మాగారంలోనే పెండ్లయిన ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. కంపెనీ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. మొగుడున్నాడు, బిడ్డలు కలుగుతారు, సెలవు పెడుతుంది అన్న లెక్క మగవాని దగ్గర ఎవరూ వేయరు. పెండ్లయిన మగవాడు "బాధ్యత గలవాడు" అవుతాడు, పెండ్లయిన ఆడది "బరువు" అవుతుంది.

ఇంకో మాట. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం కర్మాగారాల్లో రోజు పనిని పది గంటలదాకా పెంచడానికి, స్త్రీలకు రాత్రి షిఫ్టులు వేయడానికి వీలుగా చట్టాలు సవరించాలని నిర్ణయించింది. స్త్రీ సమ్మతి ఉండాలి, రక్షణ ఉండాలి, రవాణా ఉండాలి అని షరతులు. షరతులు మంచివే. అయితే "నాకు రాత్రి షిఫ్టు వద్దు" అన్న కాంట్రాక్టు పిల్లకు మరునాడు పని ఉంటుందా? సంఘం లేని చోట సమ్మతికి విలువ ఎంత?

పది గంటలు పని, రెండు మూడు గంటలు ప్రయాణం చేసి ఇంటికి వచ్చిన ఆడదానికి ఇంటిపని కాచుకుని ఉంటుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో తేలిందేమంటే, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్లు ఆ లెక్కలోకే రాలేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రపంచ కార్మికులు రక్తం ధారపోశారు. ఇంట్లో ఉన్న కార్మికురాలికి ఆ ఎనిమిది గంటలు ఎప్పుడు?

పట్నంలో పుట్టిన మాటా?

స్త్రీవాదం పట్నపు చదువుకున్నవాళ్ల మాట అన్న వాదనను ఇప్పుడు చూద్దాము. పట్నపు ఆఫీసులో పనిచేసే ఉద్యోగిని, తనను వేధించిన అధికారి మీద ఈరోజు ఫిర్యాదు చేయగలుగుతున్నదంటే దానికి కారణం ఒక పల్లెటూరి పేదరాలు. రాజస్థాన్‌లో కుమ్మరి కులంలో పుట్టిన భన్వరీదేవి, ప్రభుత్వ పథకంలో కార్యకర్తగా ఉండి బాల్యవివాహాలను ఆపబోయింది. అందుకు కక్ష కట్టి 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆ ఘోరం వెనక నడిచిన పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. దాని నుంచే 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది.

మథుర కేసు చూడండి. మహారాష్ట్రలో కూలి చేసుకునే ఆదివాసీ పిల్ల. 1972లో పోలీసు స్టేషనులోనే అత్యాచారం జరిగింది. సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టింది. దాని మీద దేశమంతా స్త్రీలు లేచినందున 1983లో అత్యాచార చట్టం మారింది. 1978లో హైదరాబాదును అట్టుడికించిన రమీజాబీ కూడా శ్రమజీవుల ఇంటి ఆడదే. చట్టపు సుఖం ముందు పట్నానికి చేరి ఉండవచ్చు. దానికి ధర కట్టింది మాత్రం కూలి ఆడవాళ్లు.

అంత దూరం పోనక్కరలేదు. పక్కనే నెల్లూరు జిల్లా. ఆ జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడకూలీలు 1992లో సారాయి దుకాణం మూయించారు. ఆ నిప్పు నెల్లూరు నుంచి చిత్తూరుకు, రాష్ట్రమంతటికీ పాకింది. వేలంపాటలు ఆపించారు, సారాయి బండ్లను ఊరి పొలిమేరల్లోనే తిప్పి పంపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఈ కథలో మన సంఘాలకు రెండు పాఠాలు ఉన్నాయి. మగ కూలీ సంపాదన సారాయి కాంట్రాక్టరు జేబులోకి పోతుంటే, దాన్ని కూలి సమస్యగా ముందు గుర్తుపట్టింది ఆడకూలీలు. మనం దాన్ని "ఇంటి గొడవ" అనుకుంటూ కూర్చున్నాము. ఇక రెండోది, రోడ్డు మీద గెలిచిన స్త్రీలకు నిర్ణయాలు చేసే చోట కుర్చీ లేకపోతే, గెలిచింది ఎక్కువకాలం నిలవదు.

ఐక్యతను చీల్చేది ఏది?

తగువును బయటపెట్టినవాళ్లు ఐక్యతను చీల్చరు. తగువుకు మూలమైన అసమానతే చీలుస్తుంది. పక్కపక్కన నిలబడి పనిచేసే ఇద్దరిలో ఒకరికి తక్కువ కూలి ఇచ్చినప్పుడే చీలిక వచ్చింది. "మగోళ్లు అంత అడిగితే ఆడోళ్లను పెట్టుకుంటా" అని భూస్వామి బెదిరించగలుగుతున్నది ఆ తేడా ఉన్నందుకే. తేడా పోతే ఆ బెదిరింపు పోతుంది.

తెలంగాణ రైతాంగ పోరాటంలో పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట గింజను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. ఆమె వెంట వేలమంది స్త్రీలు నడిచారు. పోరాటం ముగిసినాక వాళ్లలో ఎంతోమందిని తిరిగి పొయ్యి దగ్గరికే పంపారు. ఆ స్త్రీల నోటి మాటగానే స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం తెచ్చింది. దాన్ని చదివి కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, తల వంచుకున్నవాళ్లూ ఉన్నారు. మేము రెండోవారి పక్షాన ఉంటాము.

ప్రపంచం చెప్పేదీ అదే. 1917లో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల స్త్రీలు మహిళా దినం నాడు రొట్టె కోసం సమ్మె చేసి వీధిలోకి వస్తే, మగ కార్మికులు వెనక నడిచారు, జారు సింహాసనం కూలింది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ దేశంలో నూటికి తొంభై మంది స్త్రీలు బయటి పనీ, ఇంటి పనీ రెండూ ఆపేశారు. ఒక్క రోజులో దేశం స్తంభించింది. తమ ఇంట్లో జరిగే పని పనేనని మగవాళ్లకు ఆరోజు అర్థమయింది.

అయితే ఆడవాళ్లందరూ ఒకటేనా? కాదు. పెద్దకులపు ఇంటి అమ్మకు, ఆ ఇంటి పెరట్లో నిలబడే దళిత ఆడకూలికి బాధలు ఒకటి కావు. తెలుగునాట ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు చట్టం 1985 నుంచి అమలయింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి బతికున్నా లేకున్నా ఆ హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి ఉన్న ఇంటి బిడ్డకు అది పెద్ద హక్కే. అక్కడ కూడా "పుట్టింటితో తెంపుకుంటావా?" అని అడిగి సంతకం పెట్టించుకుంటున్నారు. కాని సెంటు భూమి లేని యానాది తండ్రి బిడ్డ ఏ వాటా అడగాలి? ఆమె వాటా ప్రభుత్వ భూమిలో ఉంది, పంచని బంజరులో ఉంది. అందుచేత మనకు కావలసిన స్త్రీవాదం ఆమె దగ్గర మొదలు కావాలి. కులాన్ని, భూమిని, కూలిని మరచిన స్త్రీవాదం మనకు చాలదు. ఆడదాన్ని మరచిన వర్గపోరాటమూ చాలదు.

చేతికి అందే పనులు

ఊరికే వాదించి వదిలేస్తే లాభం లేదు. ఈ సీజనులోనే సంఘాలు పట్టుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి.

కూలి రేటు మాట్లాడేటప్పుడు రెండు రేట్లు మాట్లాడవద్దు. ఒక రోజు పనికి ఒకే కూలి అని తేల్చండి. మాట్లాడే నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి.

ఇంటిపట్టా అయినా, భూమిపట్టా అయినా భార్య పేరు కలిసి ఉండాలని అర్జీలు పెట్టండి. వదిలేసిన ఆడదానిని, వితంతువును వేరే కుటుంబంగా రాయించండి.

పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేసే ప్రతి చోటా వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని పెద్దగా స్త్రీయే ఉండాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, యజమాని మీదే ఫిర్యాదు అయిన చోట జిల్లా స్థాయి కమిటీకి పోవచ్చు. కయ్యలో పనిచేసే కూలికి, ఇళ్లలో అంట్లు తోమే ఆమెకు కూడా ఈ హక్కు ఉంది. జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయలేని చోట రాసిపెట్టడం మన కార్యకర్త పని.

కంపెనీ బిడ్డలకు చెప్పండి. ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు బిడ్డలదాకా 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు హక్కు. యాభైమంది గాని, అంతకు మించి గాని ఉన్న చోట బిడ్డలను చూసుకునే కేంద్రం ఉండాలి. కాంట్రాక్టు అయినా చట్టం చట్టమే. రాత్రి షిఫ్టుకు సమ్మతి ఇవ్వనని చెప్పే హక్కు ఉంది. ఆ హక్కును ఒంటరిగా నిలబెట్టలేరు, పదిమంది కలిసి నిలబెట్టగలరు.

ఇక చివరిది మన సంగతి. మేము కూడా ఇందులో ఉన్నాము గనుక చెప్పుకోక తప్పదు. మన మీటింగులు రాత్రి ఏడు గంటలకు పెడతాము. ఆ సమయంలో ఆడకూలి పొయ్యి ముందు ఉంటుంది. "ఆడోళ్లు రాలేదు, వాళ్లకు చైతన్యం తక్కువ" అని రిపోర్టు రాసుకుంటాము. ఆమె చేసిన సంగటి తిని వచ్చి ఆమెకు చైతన్యం లేదని రాయడం ఏ న్యాయం?

సత్యవేడు దగ్గరి ఒక పల్లెలో ఈ మాట మీద పెద్ద వాదనే జరిగింది. ఆఖరుకు మీటింగును కయ్యలో పని దిగే వేళకు, చెరువు గట్టు మీదికే మార్చారు. ఆరోజు మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు. కూలి గురించి చర్చ సాగుతుండగా, ముందు మాతో పట్టా మాట చెప్పిన ముసలామె లేచింది. "మీరు రైతుకాడ మాకు సమానం అడుగుతామంటా ఉండారు. బాగానే ఉండాది. ఇంటికాడ సంగతి ఎవురడగాల?" అన్నది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట స్త్రీవాదమెందుకని మమ్మల్ని అడిగిన మిత్రుడే చివరకు అన్నాడు: "అది మేమే అడుక్కోవల్ల, అవ్వా."

ఆ మాట మినిట్సు పుస్తకంలో రాయించాము. రాసింది కంపెనీకి పోయే ఒక బిడ్డ.